మందుకు గడువు ఎంత?

మందుల షాపులో కొన్న మాత్రల పట్టీని వెనక్కి తిప్పితే గడువు తేదీ కనిపిస్తుంది. తూటాల పెట్టెను ఎన్ని వైపులకు తిప్పి చూసినా అది కనిపించదు. లాట్ నంబరు ఉంటుంది, పిల్లలకు అందకుండా ఉంచమన్న హెచ్చరిక ఉంటుంది, ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో మాత్రం ఉండదు. తెలుగులో రెండూ మందులే. మూడో మందు ఇంకొకటుంది, అది పాతబడేకొద్దీ ధర పెరుగుతుంది. తుపాకీ మందు మాత్ర, మద్యం అనే ఈ రెండు బంధువుల్లో ఎవరి తోవన పోతుందన్నదే నూరేళ్లు దాటిన తగాదా. చేతితో నింపిన తూటాల దగ్గరికొచ్చేసరికి ఆ తగాదా మరీ చిక్కుపడింది.

కాల్చేసిన ఇత్తడి గుల్లను పారేయకుండా, మందును అంటించే పాత ప్రైమరు తీసి, గుల్లను మళ్లీ కొలతకు నొక్కి, కొత్త ప్రైమరు పెట్టి, తూచిన మందు పోసి, పైన గుండు బిగించడాన్ని రీలోడింగ్ అంటారు. అమెరికాలో ఇది లక్షలమంది ఇంటి షెడ్డులో చేసుకునే పని. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. అందువల్ల ఇక్కడ నిల్వ ప్రశ్న సైన్యానిదీ, ఆయుధ కర్మాగారాలదీ. ఇంటి అలమరలో ఉన్న తూటాల సంగతి ప్రధానంగా అమెరికా చర్చే, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం కూడా అక్కడిదే.

కర్మాగారంలో తయారైన తూటాకు పుట్టిన తేదీ ఒకటే. ప్రతి లాటు నుంచీ నమూనాలు పరీక్షకు వెళతాయి. చేతితో నింపిన తూటాకు నాలుగు పుట్టినరోజులు. గుల్ల అప్పటికే అయిదుసార్లు పేలి ఉండొచ్చు. ప్రైమర్లు కొరత కాలంలో దొరికినప్పుడు కొని దాచినవి కావచ్చు. మందు డబ్బా నిరుడు తెరిచింది, గుండు నిన్న కొన్నది. ఈ తూటా వయసు ఎంత అని అడిగితే దేని వయసు చెప్పాలి?

మూడు ప్రశ్నలు, ఒకే మాట

చర్చ ముడిపడటానికి అసలు కారణం ఇంకోటి ఉంది. "బాగుంది" అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు సంగతులు అడుగుతున్నారు. పేలుతుందా అన్నది ఒకటి. నింపిన రోజు ఎలా పేలిందో ఇప్పుడూ అంతే వేగంతో, అంతే పీడనంతో పేలుతుందా అన్నది రెండోది. దాన్ని ఇంట్లో ఉంచుకోవడం క్షేమమేనా అన్నది మూడోది. తాత కాలం నాటి తూటా పేల్చి చూపించేవాడు మొదటి ప్రశ్నకు జవాబిస్తున్నాడు. రసాయన శాస్త్రవేత్త మూడోదానికి జవాబిస్తున్నాడు. వెయ్యి గజాల దూరంలో గురిపెట్టేవాడికి రెండోది తప్ప ఇంకేమీ పట్టదు. ముగ్గురూ నిజమే చెబుతూ ఒకరినొకరు కాదంటున్నారు.

ఓడల అడుగున మొదలైన చర్చ

పాతకాలపు తుపాకీ మందుకు నిల్వలో చెడే బాధ లేదు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన ఆ మిశ్రమం తనంతట తాను చెడదు. దాని శత్రువు తేమ ఒక్కటే. పొడిగా ఉంచితే తరాలు దాటుతుంది. (దాన్ని నల్లమందు అనడానికి వీల్లేదు, ఆ పేరు తెలుగులో ఎప్పుడో అభినికి పోయింది.)

1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దూదిని నత్రికామ్లం, గంధకామ్లం మిశ్రమంలో ముంచి తీసిన పేలుడు దూదిని లోకానికి ప్రకటించడంతో కథ మారింది. పొగ లేదు, బలం ఎక్కువ. కానీ ఆ పదార్థం పుట్టుకతోనే అస్థిరం. 1847లో ఇంగ్లండులోని ఫేవర్‌షామ్ దగ్గర దాన్ని తయారుచేస్తున్న ఫ్యాక్టరీ పేలిపోయింది. పోగుల్లో మిగిలిపోయిన ఆమ్లమే ప్రధాన దోషి అని తేలడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 1865లో ఫ్రెడరిక్ ఏబెల్ ఆ దూదిని గుజ్జుగా రుబ్బి పదేపదే కడిగే పద్ధతి పట్టుకున్నాడు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియెయ్ ఆ గుజ్జును జిగటగా మార్చి, పలకలుగా కోసి, 'పుద్ర్ బి' అనే పొగరాని మందు చేశాడు. నేటి రైఫిల్ మందులన్నీ ఆ వంశంలోవే.

ఆమ్లం ఎంత కడిగినా అణువు స్వభావం మారదు. నైట్రోసెల్యులోజ్ గది వేడిలో కూడా అతి నెమ్మదిగా విరుగుతూనే ఉంటుంది. విరిగినప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువడతాయి. అవి అక్కడే ఉండిపోతే మిగతా మందును ఇంకా త్వరగా విరగ్గొడతాయి. ఒక కుళ్లిన టమాటా బుట్టంతా పాడుచేసినట్టు. ఆ చర్యలో పుట్టే వేడి బయటికి పోయే దారి లేనంత పెద్ద రాశిగా ఉంటే, ఒక రోజు దానంతట అదే అంటుకుంటుంది.

ఈ పాఠం ఫ్రెంచి నౌకాదళానికి తూలోన్ రేవులో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. 1907 మార్చి 12న రేవులో మరమ్మతుకు నిలిపిన 'యేనా' అనే యుద్ధనౌక మందు గదులు పేలి సుమారు 120 మంది చనిపోయారు. తప్పు మందుదా, దాన్ని నిల్వ చేసినవాళ్లదా అని మందు తయారీ శాఖా, నౌకాదళమూ వాదించుకున్నాయి. మరుసటి ఏడు నౌకాదళ మంత్రి రాజీనామా చేశాడు. మందు మాత్రం అదే. 1911 సెప్టెంబర్ 25న అదే రేవులో 'లిబెర్తే' పేలింది. ఈసారి దాదాపు 300 మంది. అప్పటిదాకా స్థిరత్వం కోసం మందులో ఎమైల్ ఆల్కహాల్ కలిపేవారు, అది కాలక్రమంలో ఆవిరైపోయేది. ఆ తర్వాత దాని స్థానంలో డైఫినైలమైన్ వచ్చింది. వెలువడిన ఆక్సైడ్లను అది పట్టి తనలో కలుపుకుంటుంది. నూటికి ఒక పాలు ఉంటే చాలు. అమెరికా నౌకాదళం 1908లోనే దాన్ని స్వీకరించింది.

బ్రిటిష్ వాళ్లకు అలాంటి రక్షణ కాకతాళీయంగా కలిసొచ్చింది. 1889లో రూపొందిన కార్డైట్‌లో నూటికి 5 పాళ్లు వేసిలిన్ కలిపారు. తుపాకీ గొట్టం అరగకుండా ఉంటుందన్నది వాళ్ల ఉద్దేశం. అది గొట్టానికి చేసిన మేలేమోగానీ, మందును చెడకుండా కాపాడుతోందని తర్వాత తెలిసింది. ఆ కార్డైట్ కోసమే 1904లో నీలగిరుల్లో అరువంకాడు కర్మాగారం పుట్టింది. మన విశాఖలో బస్సు కండక్టర్లు రోజూ కేకేసే 'ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు'లోని మూడక్షరాలకు అర్థం నౌకాదళ ఆయుధ డిపో. తూలోన్ నేర్పిన జాగ్రత్తలు పాటించే స్థలాల్లో అదీ ఒకటి.

"తాత నింపింది నేను కాల్చాను"

ఈ చర్చలో పెద్ద వర్గం అనుభవవాదులది. వీళ్ల వాదన సూటిగా ఉంటుంది: చల్లగా, పొడిగా ఉంచండి, మీ జీవితకాలానికి ఢోకా లేదు. సాక్ష్యాలకు లోటు లేదు. రెండో ప్రపంచయుద్ధం నాటి సీలు చేసిన డబ్బాల తూటాలు డెబ్భై, ఎనభై ఏళ్ల తర్వాతా పేలుతున్నాయి. అమెరికాలో రీలోడింగ్ పెద్ద వ్యాపకంగా ఎదిగిందే యుద్ధంలో మిగిలిన మందు మీద. 1940ల చివర బ్రూస్ హాజ్డన్ సైన్యం వదిలించుకున్న 4895 రకం మందును టోకున కొని చవగ్గా అమ్మాడు. ఆ మందుతో నింపిన తూటాలు ఇప్పటికీ అక్కడక్కడ బయటపడుతుంటాయి.

ఈ సాక్ష్యాల్లో ఒక లోపం ఉంది. పేలిన తూటా కథగా మిగులుతుంది. చెడిపోయిన డబ్బాను ఎవరో ఎప్పుడో పారేసి ఉంటారు, దాని కథ ఎవరూ చెప్పరు. పైగా సైన్యపు తూటాకు మూతి దగ్గర లక్క పూత ఉంటుంది, ప్రైమరు చుట్టూ ఉంటుంది. ఇంట్లో నింపినదానికి సాధారణంగా అవేవీ ఉండవు. ఆ తూటా బతికింది కాబట్టి ఈ తూటా బతుకుతుందనడం ఊరగాయ జాడీని చూసి పచ్చడి గిన్నెకు భరోసా ఇవ్వడమే. పాత .303 కార్డైట్ తూటాల్లో కొన్ని లాట్లు ట్రిగ్గరు నొక్కాక క్షణం ఆగి పేలతాయన్న అపకీర్తి కూడా ఇదే అనుభవ భాండాగారంలోది. వాటినీ 'పేలాయి' ఖాతాలోనే రాస్తారు.

రసాయన శాస్త్రవేత్తల గడియారం

రెండో వర్గానికి ఏళ్లతో పని లేదు. వాళ్లు కొలిచేది మందును చెడకుండా కాపాడే డైఫినైలమైన్ లాంటి స్థిరకారి ఎంత మిగిలిందన్నది. అమెరికా సైన్యం లెక్కలో పనికొచ్చే స్థిరకారి 0.20 శాతం కంటే తగ్గిన మందు ప్రమాదకరం, దాన్ని నిల్వలోంచి తీసేయాలి. కొలవకుండా తేదీ చెప్పమంటే వాళ్లు చెప్పరు.

వాళ్ల పరీక్షల్లో ఒకదాన్ని దగ్గరగా చూస్తే వేడి ఏం చేస్తుందో అర్థమవుతుంది. నాటో ప్రమాణం ప్రకారం మందును 80 డిగ్రీల వేడిలో 10.6 రోజులు ఉంచి, అది వెలువరించే వేడిని సూక్ష్మంగా కొలుస్తారు. హద్దు దాటకపోతే ఆ మందు 25 డిగ్రీల దగ్గర కనీసం పదేళ్లు క్షేమమని అర్థం. పదేళ్లు పదిన్నర రోజుల్లోకి కుదించుకుపోయాయి. లెక్క కడితే ప్రతి పది డిగ్రీలకూ చెడిపోయే వేగం దాదాపు మూడు రెట్లు అవుతోంది. 25 నుంచి 45కి పోతే దాదాపు ఎనిమిది రెట్లు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద, లేదా టెక్సాస్ ఎండలో మూసి ఉంచిన కారు డిక్కీలో గడిచే ఒక వేసవి, చల్లని గదిలో ఏళ్లకు సమానం. క్యాలెండరు తిప్పితే ఒక్క సంవత్సరమే.

మన అలవాటు ఒకటి ఇక్కడ తిరగబడుతుంది. దీపావళికి ముందు రోజు డాబా మీద చాప పరిచి చిచ్చుబుడ్లు, టపాకాయలు ఎండబెడతాం. సూరేకారం మందుకు తేమే శత్రువు గనుక ఎండ వల్ల అది మళ్లీ చురుగ్గా మండుతుంది. పొగరాని మందుకు అదే ఎండ విషం. పేరు ఒకటే అయినా ఒకదానికి చేసిన వైద్యం రెండోదానికి పనికిరాదు.

పెద్ద రాశికి ఏం జరగగలదో సైప్రస్ చూపించింది. 2009లో ఒక ఓడ నుంచి స్వాధీనం చేసుకున్న 98 కంటెయినర్ల మందుగుండును ఒక నౌకా స్థావరంలో ఎండకు వదిలేశారు. రెండేళ్లకు పైగా అవి అక్కడే కాగాయి. 2011 జులై 11న పేలి 13 మంది చనిపోయారు, పక్కనున్న దేశపు అతిపెద్ద విద్యుత్ కేంద్రం దెబ్బతింది. ఈ ఉదాహరణతో ఇంటి అలమరను భయపెట్టడం మాత్రం సరికాదు. ఒక తూటాలోని చిటికెడు మందు తన వేడిని ఇత్తడికి ఇచ్చేస్తుంది, అంటుకునేంత వేడి పోగుపడదు. తూటా రూపంలో ఉన్న మందు చెడితే సాధారణంగా జరిగేది వేరు: అది గుల్లను లోపలి నుంచి తినేస్తుంది. అలాంటి తూటా విప్పి చూస్తే గుండు అడుగున పచ్చటి చిలుము, గోడకు అతుక్కుని గడ్డకట్టిన మందు కనిపిస్తాయి. బయట మాత్రం తళతళలాడుతూ ఉండొచ్చు.

విడి మందు డబ్బా సంగతి అలా కాదు. మంచి మందుకు ఈథర్ లాంటి ద్రావకం వాసన ఉంటుంది. చెడ్డదానికి ముక్కు మండే పులుపు వాసన, మూత తీయగానే ఎర్రటి పొగ, లేదా తుప్పురంగు దుమ్ము. ఈ గుర్తుల మీద రెండు వర్గాలకూ పేచీ లేదు. అవి కనిపించేసరికి స్థిరకారి ఎప్పుడో అయిపోయి ఉంటుందన్నదే రసాయనవాదుల ఫిర్యాదు.

గురిగాళ్ల బెంగ

మూడో వర్గం అంత పెద్దది కాదు, కానీ పట్టింపు ఎక్కువ. వీళ్ల ప్రశ్న పేలుడు గురించి కాదు, నిలకడ గురించి. వీళ్లు లేవనెత్తిన సంగతులను మిగతా రెండు వర్గాలూ తేలిగ్గా తీసుకున్నాయనిపిస్తుంది.

మొదటిది గుల్ల మెడ. గుండును పట్టి ఉంచేది ఆ మెడ బిగువే. నెలలు గడిచేకొద్దీ రెండు లోహాలూ అతుక్కుని, గుండు కదలడానికి ఎక్కువ బలం కావాల్సి రావచ్చు. దీనికి చరిత్రలో మరపురాని సాక్ష్యం 1921 నాటిది. అమెరికా జాతీయ పోటీల కోసం ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధశాల గుళ్లకు తగరం పూసింది, గొట్టంలో లోహం అంటకుండా ఉండాలని. నిల్వలో ఆ తగరం ఇత్తడి మెడకు టంకం పెట్టినట్టు అతుక్కుంది. గుండు లాగడానికి పట్టే బలం ఎన్నో రెట్లు పెరిగింది. దానికి తోడు కొందరు పాత అలవాటుగా గుండుకు గ్రీజు పూశారు, రైఫిళ్లు పగిలాయి. ఆ వ్యవహారాన్ని జూలియన్ హాచర్ తన 1947 నాటి పుస్తకంలో వివరంగా నమోదు చేశాడు. తగరం లేని మామూలు గుండు, అద్దంలా కడిగిన ఇత్తడితో ఎంత మేరకు అతుక్కుంటుందన్నది ఇప్పటికీ వాదనే. స్టీలు సూదులతో నీళ్లలో తిప్పి లోపలి మసి కూడా వదిలించే పద్ధతి వచ్చాక ఈ అనుమానం ఎక్కువైంది. కొందరు గుండును కాస్త పైకి ఉంచి నింపి, పోటీకి ముందు చివరి కొలతకు నొక్కుతారు. అతుకు ఉంటే అప్పుడు తెగుతుంది.

రెండోది తేమ. తేమ చెడ్డదని అందరూ అంటారు. కానీ మందులో కొద్దిపాటి తేమ పుట్టుకతోనే ఉంటుంది, మండే వేగాన్ని దాన్ని లెక్కలోకి తీసుకునే కొలిచారు. మందు డబ్బాలో తేమ పీల్చే పొట్లాలు పడేస్తే మందు మరీ ఎండి, చురుగ్గా మండి, పీడనం పెరుగుతుంది. గరిష్ఠ హద్దుకు ఆనించి నింపే అలవాటున్నవాడికి ఇది చిన్న సంగతి కాదు. "ఎంత పొడిగా ఉంటే అంత మంచిది" అన్న అనుభవవాదుల సూత్రం ఇక్కడ తడబడుతుంది. గురిగాళ్ల వాదనే నాకు బలంగా కనిపిస్తుంది.

మూడోది గింజల పూత. మందు గింజ పైపూతలో మంట వేగాన్ని తగ్గించే పదార్థాలు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా వేడిలో, అవి గింజ లోపలికి ఇంకుతాయి. మందు చెడలేదు, స్థిరకారి నిండుగా ఉంది, అయినా అది వేరే మందులా ప్రవర్తిస్తుంది.

ఇత్తడి, ప్రైమరు

మందు మీద ఇంత వాదన జరుగుతుండగా గుల్లను మరిచిపోతారు. ఇత్తడి నిల్వలో పగిలే జబ్బు మొదట బయటపడింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం వర్షాకాలంలో తూటాలను గుర్రపు శాలల్లో దాచేది. వాన తగ్గాక చూస్తే గుల్లలు చీలి ఉండేవి. ఋతువుతో వచ్చే జబ్బనుకుని దానికి ఆ పేరే పెట్టారు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు అసలు సంగతి తేల్చారు: గుర్రపు మూత్రంలోంచి వచ్చే అమోనియా, లోపల బిగువు మిగిలి ఉన్న ఇత్తడిని లోహపు రేణువుల అంచుల వెంట తెంచేస్తోంది. సన్నని సెగ తగిలించి బిగువు తీసేస్తే జబ్బు పోతుంది. రీలోడింగ్‌లో అదే బిగువు ప్రతిసారీ మళ్లీ పుడుతుంది, ఎందుకంటే గుల్లను ప్రతిసారీ నొక్కుతారు. అందుకే అమోనియా ఉన్న పాలిషులు గుల్లలకు వాడొద్దంటారు. ఇత్తడి బిందెకు మన ఇళ్లలో చింతపండు పట్టించినట్టే, వాళ్లు ఇప్పుడు నిమ్మఉప్పు నీళ్లతో కడుగుతున్నారు.

ప్రైమరు విషయం ఒకప్పుడు పెద్ద గొడవే. పాదరసపు ఫల్మినేట్ ఉష్ణదేశాల నిల్వలో నీరసించేది, కాల్చాక ఇత్తడిని పెళుసు చేసేది. 1920ల చివర సీసపు స్టిఫ్నేట్ వచ్చాక ఆ గొడవ చల్లారింది. వేలి నూనె తగిలితే ప్రైమరు చచ్చిపోతుందన్న నమ్మకం ఇంకా ఉంది. నీళ్లలో నానినవి ఆరాక మళ్లీ పేలడం చాలామంది చూశారు గనుక అది కొంత అతిశయమే. సన్నగా పాకే నూనెలతో మాత్రం జాగ్రత్త న్యాయమే.

ఎక్కడ కలుస్తారు, ఎక్కడ కలవరు

చల్లదనం మీద మూడు వర్గాలూ ఒకటే. వేడి ఎక్కువ తక్కువలు పదేపదే మారని చోటు మీదా ఒకటే. డబ్బా దగ్గరికొచ్చేసరికి సలహాలు విడిపోతాయి, కొత్తవాళ్లు గందరగోళపడేది ఇక్కడే. నింపిన తూటాలకు రబ్బరు అంచున్న గాలిచొరని ఇనప పెట్టె మంచిది. విడి మందును ఆ పెట్టెలో పెట్టడం తప్పు. మందు కంపెనీల డబ్బా నిప్పు తగిలితే సులువుగా విచ్చుకునేలా తయారవుతుంది, అందులో మందు భగ్గున మండుతుందిగానీ బాంబులా పేలదు. బిగుతైన ఇనప పెట్టె ఆ మంటనే పేలుడు చేస్తుంది. అమెరికా అగ్నిభద్రతా నియమాలు ఇళ్లలో 20 పౌండ్ల దాకా మందును అసలు డబ్బాల్లోనే ఉంచమనడానికి కారణం ఇది. మందు చెడుతుందన్న భయం కాదు.

తేలనివి తేలనట్టే ఉన్నాయి. అడిగితే పదేళ్లని చెప్పే తూటా కంపెనీలున్నాయి. ఆ పదేళ్లు రసాయనం చెప్పిన సంఖ్యా, న్యాయవాది చెప్పిన సంఖ్యా అన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటున్నారు. సీసం లేని కొత్త ప్రైమర్లకు పాతవాటంత ఆయుష్షు ఉందో లేదో చెప్పడానికి వాటికింకా అంత వయసు రాలేదు. నింపిన తూటాలను మెరుగు కోసం యంత్రంలో తిప్పితే లోపలి గింజలు అరిగి మందు స్వభావం మారుతుందా అన్నదానిపై, తిప్పి కొలిచి తేడా లేదన్నవాళ్లూ ఉన్నారు, ఆ పని చేయవద్దనేవాళ్లూ ఉన్నారు.

అన్నిటికంటే పెద్ద లోటు వేరే ఉంది. సైన్యం దగ్గర స్థిరకారిని కొలిచే ప్రయోగశాల ఉంది, ఇంట్లో నింపుకునేవాడికి ముక్కు ఒక్కటే ఉంది. డబ్బా మీద స్థిరకారి శాతం అచ్చువేసే ఆనవాయితీ లేదు. అతని చేతిలో ఉన్నదల్లా పెట్టె మీద అంటించే చీటీ: నింపిన తేదీ, మందు పేరు, దాని లాట్ నంబరు, ఎంత తూకం, ప్రైమరు ఏది, గుల్ల ఎన్నోసారి వాడింది. మందు కొలిచే పరికరపు ప్లాస్టిక్ గొట్టంలో మిగిలిన మందును రాత్రికి అలాగే వదిలేస్తే, తెల్లని గొట్టం కొన్నాళ్లకు తేనెరంగుకు తిరుగుతుంది. అందులో ఉన్న మందు ఏదో మర్నాటికి గుర్తుండదు. చీటీ లేని ఆ మందును డబ్బాలోకి తిరిగి పోయకూడదన్న దగ్గర మాత్రం మూడు వర్గాల్లో ఏ ఒక్కరూ ఇంతవరకు వాదించలేదు.